మేక క్రిమి, ఆవు క్రిమి

పిల్లలూ! నేను బడిలో పనిచేసే రోజుల్లో ఒక తరగతిలో కవలపిల్లలుండేవారు. ముఖాలు చూసి ఎవరు పెద్దవాడో చెప్పటం నావల్ల కాలేదు. బోర్డుమీద రాయమంటే మాత్రం చిన్నవాడు ఎడమచేత్తో సుద్దముక్క పట్టుకునేవాడు. పరీక్షశాలలో సూక్ష్మజీవుల్ని పోల్చుకునే పద్ధతి కూడా ఇలాంటిదే.

మధ్యధరా సముద్రంలో మాల్టా అనే ద్వీపం ఉంది. అక్కడి సైనికులను పీడించే జ్వరానికి కారణమైన క్రిమిని 1887లో డేవిడ్ బ్రూస్ అనే వైద్యుడు వేరుచేశాడు. అది గుండ్రంగా ఉన్నదన్నాడు. 1905లో జమ్మిట్ అనే మాల్టా వైద్యుడు దాన్ని మేకల్లో కనిపెట్టాడు. మరుసటి ఏడు మేకపాలు మానిపించేసరికి సైనికుల్లో జ్వరం తగ్గిపోయింది. ఈలోగా 1897లో డెన్మార్కులో బాంగ్ అనే ఆయన, ఆవులు నెలలు నిండకుండానే ఈనేట్టు చేసే క్రిమిని పట్టుకున్నాడు. మనవాళ్ళు ఈసుడు రోగమంటారే, అదే. ఆ క్రిమి పుల్లలాగా ఉన్నదన్నాడాయన. ఒకటి గుండు, ఒకటి పుల్ల. ఇక వాటికి చుట్టరికమేమిటని ఎవరూ పోల్చి చూడలేదు!

1918లో అమెరికాలో ఆలిస్ ఇవాన్స్ అనే ఆమె పోల్చి చూపింది. రెండూ పొట్టి పుల్లలే, దగ్గర చుట్టాలే. అంటే పచ్చి ఆవుపాలు కూడా ప్రమాదమేనన్నమాట. చాలామంది పెద్దలు నమ్మలేదు. 1922లో ఆ జ్వరం ఆమెకే అంటుకుని ఏళ్ళతరబడి బాధించింది.

ఈ కుటుంబానికి బ్రూస్ పేరుమీద బ్రుసెల్లా అని పేరు. పందుల్లో మూడో చుట్టం ఉంది. వీటిని విడదీయటానికి రంగులు వాడతారు. క్రిములు పెరిగే జావలో, ఒక పళ్ళెంలో ఫుక్సిన్ అనే ముదురు గులాబి రంగు, ఇంకొకదానిలో థయోనిన్ అనే ఊదా రంగు రవ్వంత కలుపుతారు. మేక క్రిమి రెంటిలోనూ పెరుగుతుంది. ఆవు క్రిమి సాధారణంగా గులాబిలో పెరుగుతుంది, ఊదాలో పెరగదు. పంది క్రిమి సరిగ్గా తలకిందులు. పైగా ఆవు క్రిమికి, సోడాబుడ్డిలో బుసబుసమనే బొగ్గుపులుసు గాలి కాస్త ఎక్కువగా కావాలి. సీసపు లవణంలో తడిపిన కాగితం వేలాడదీస్తే ఆవు క్రిమి, పంది క్రిమి కుళ్ళిన గుడ్డు వాసన గల వాయువు వదిలి దాన్ని నల్లబరుస్తాయి. మేక క్రిమి దగ్గర కాగితం తెల్లగానే ఉంటుంది.

వీటిలో ఉపజాతులున్నాయి, కొన్ని ఈ లెక్క తప్పుతాయి. అందుకని ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరు. ఈనాడు జన్యుపదార్థాన్ని పరీక్షించి కొద్ది గంటల్లోనే తేలుస్తున్నారు.

ఇంత శ్రమ దేనికంటారా? ఒక ఇంట్లో మనిషికి జ్వరం వచ్చిందనుకోండి. ఆ ఇంట్లో ఆవుంది, పక్కింట్లో మేకలున్నాయి. రెండిళ్ళ పాలూ తాగాడు. రోగి రక్తంలో దొరికినది మేక క్రిమి అని తేలితే, పశువైద్యుడు ముందు వెళ్ళవలసింది పక్కింటి దొడ్డిలోకి. అయితే మేక క్రిమి అప్పుడప్పుడు ఆవుకూ అంటుతుంది గనక, తిరిగివస్తూ ఆయన ఆవునూ చూసే వెళతాడు.