నల్ల పావులు మీవైపు ఉన్నప్పుడు



హంపి, హరికృష్ణ, అర్జున్‌లను చూసి చదరంగంలోకి వచ్చి, టోర్నమెంట్ల బాట పట్టిన పిల్లలు మీరు. నల్ల పావులొస్తే గ్రున్‌ఫెల్డ్, కింగ్స్ ఇండియన్ లాంటి పదునైన డిఫెన్సులే ఆడతామంటున్నారు. సంతోషం. అయితే కంప్యూటర్ చూపిన ఎత్తులు బట్టీపట్టి, అవి అయిపోయాక తెగింపే దిక్కనుకునేవాళ్లు ఒక పాత ఆటను బోర్డు మీద పేర్చుకోవాలి.

1956 అక్టోబరు 17. న్యూయార్క్‌లో రోజెన్‌వాల్డ్ టోర్నమెంటు. తెల్ల పావులతో పేరున్న మాస్టర్ డొనాల్డ్ బైర్న్. ఎదుట పదమూడేళ్ల బాబీ ఫిషర్. ఆట గ్రున్‌ఫెల్డ్‌లోకి మళ్లింది. నడిబోర్డును ఎదుటివాడికి వదిలి, అక్కడ అతను నిలిపిన బంట్లను దూరం నుంచి దెబ్బతీయడం ఈ డిఫెన్సు పద్ధతి.

పదకొండో ఎత్తులో బైర్న్, అప్పటికే బయటికి తెచ్చిన బిషప్‌నే మళ్లీ కదిపాడు. పైకి అందులో తప్పేమీ కనిపించదు. కానీ ఫిషర్ నాలుగో ఎత్తుకే క్యాస్లింగ్ చేసుకున్నాడు. తెల్లరాజు ఇంకా నడుమనే ఉన్నాడు. పిల్లవాడు ఆ ఆలస్యాన్ని పట్టేశాడు. తన గుర్రాన్ని బోర్డు అంచుకు, ఎదుటి గుర్రం కొట్టగలిగే గడిలో పెట్టాడు. కొడితే రెండో గుర్రం నడిబంటును తిని, మంత్రి మీదికీ వస్తుంది. బైర్న్ కొట్టలేదు. అయినా రెండెత్తుల్లో ఆ బంటు పోయింది, రాజు ఎదుటి దారి తెరుచుకుంది.

పదిహేడో ఎత్తులో ఫిషర్ మంత్రినే వదిలేశాడు. వరుస చెక్‌లతో ఒక ఏనుగును, రెండు బిషప్‌లను, ఒక బంటును రాబట్టి, 41వ ఎత్తులో ఆట కట్టించాడు. చదరంగ రచయిత హాన్స్ క్మోచ్ దీన్ని శతాబ్దపు ఆట అన్నాడు. అదే టోర్నమెంటులో ఫిషర్‌కు 11 ఆటల్లో దక్కింది నాలుగున్నర పాయింట్లే. కాబట్టి పట్టికలో కింద ఉన్నామని దిగులుపడకండి.

లోకమంతా మంత్రిని ఇచ్చిన ఎత్తు గురించే మాట్లాడుతుంది. మీరు పదకొండో ఎత్తు దగ్గర ఆగండి. ఎదుటివాడు ఏ పావును ఇంకా బయటికి తేలేదు? రాజు ఎక్కడున్నాడు? ఏ పావును రెండుసార్లు కదిపాడు? ప్రతి ఎత్తుకూ ఇవి అడగండి. జవాబుల్లో సందు దొరికితే పావును ఇవ్వడానికి వెనకాడకండి. దొరక్కపోతే మీ పావులను సర్దుకుంటూ ఓపికపట్టండి. పదునైన డిఫెన్సులో అదీ ఆటే. ఆట ముగిశాక కంప్యూటర్ తెరిచే ముందు, కీలకమైన ఎత్తు ఎందుకు వేశారో మీ మాటల్లో కాగితం మీద రాసుకోండి. కారణం రాయలేకపోయిన ఎత్తు గెలిపించినా సరే, దాన్ని మళ్లీ పరీక్షించండి.

మీ మేలు కోరే
ఓ పాత ఆటగాడు