బిడ్డల ఆహారము - కంట్రాక్టర్లు

అంగన్‌వాడీ ఆహార సరఫరాకు కంట్రాక్టర్లను నియోగింపరాదని సుప్రీంకోర్టు 2004 అక్టోబరులో ఆదేశించినది. అయినను మహారాష్ట్రమున మహిళా మండలుల పేరిట పెద్ద కంట్రాక్టర్లే చొరబడిరన్న వివాదము మరల ఆ న్యాయస్థానమునకే చేరెను. 2016 నాటి టెండరు 2019లో రద్దయినది. నడుమ పదునాలుగేండ్లు! తనిఖీ యధికారులు చిట్టాలు చూచిరేమో; పొట్లము విప్పి తూచినవా రెందరు?

పొట్లపు తూకమును, రుచిని ఎరిగినవారు తల్లులు. కాని షోలాపూరులో బీడీలు చుట్టు మన తల్లులలో మరాఠీలో అర్జీ వ్రాయ జంకువారు పెక్కురు. రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ యిచ్చుకొను హక్కును రాజ్యాంగము 350వ అధికరణమున ప్రసాదించినది. తెలుగు అర్జీలను స్వీకరించి, రశీదిచ్చి, తెలుగెరిగిన యుద్యోగిచే విచారింపజేయవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము. అర్జీలు వ్రాసిపెట్టు పనిని మన సంఘశాఖలు వెంటనే చేపట్టవలెను.