చెట్టు పేరు చెప్పి ఒక్క కాయే అమ్ముకున్నారు

డ్రోసోఫిలా ఈగ గురించి సామాన్య పాఠకులు కూడా చదవగలిగిన మూడు మంచి పుస్తకాలు నా బీరువాలో ఉన్నాయి: రాబర్ట్ కోలర్ రాసిన ‘లార్డ్స్ ఆఫ్ ద ఫ్లై’ (1994), జోనథన్ వైనర్ రాసిన ‘టైమ్, లవ్, మెమరీ’ (1999), మార్టిన్ బ్రూక్స్ రాసిన ‘ఫ్లై’ (2001). మూడూ కొని చదవదగినవే. జన్యుశాస్త్రం ఎలా పుట్టి పెరిగిందో తెలుసుకోగోరేవారికి వైనర్ పుస్తకాన్ని నేనే చాలామందికి సిఫారసు చేశాను. అయితే ఈ వ్యాసం వాటిని మెచ్చుకోవడానికి రాస్తున్నది కాదు. ఈ రకం పుస్తకాలన్నింటితోనూ, వాటి వెనక ఉన్న ప్రయోగశాల దృష్టితోనూ నాకొక తగవు ఉంది.

ఈ కథలన్నింటికీ నాయకుడు ఒక్కడే: డ్రోసోఫిలా మెలనోగాస్టర్. మోర్గన్ సీసాల్లో 1910లో తెల్లకళ్ళ ఈగ కనిపించిన నాటి నుంచి 2017 నోబెల్ బహుమతి దాకా అతడి విజయయాత్రే మనకు వినిపిస్తుంది. కోలర్ కొంత మేలు. ప్రయోగశాల ఈగ ప్రకృతిలోని ఈగ కాదనీ, సూక్ష్మదర్శినిలాగా మనుషులు తయారుచేసుకున్న పనిముట్టనీ అతడు గుర్తించాడు; అడవి ఈగల వెంట వెళ్ళిన డొబ్జాన్‌స్కీకి చోటిచ్చాడు. మొత్తం మీద చూస్తే మాత్రం ‘ఈగ’ అన్న మాటకు అర్థం ఒక్క జాతికి కుదించుకుపోయింది. నాలుగు వేలకు పైగా జాతులున్న ఒక కుటుంబం ఆ ఒక్కదాని నీడలో మాయమైంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవారిని చూశాం. చెట్టు పేరు చెప్పి ఒకే కాయను నూరేళ్ళుగా అమ్ముతున్నవారు వీరే. ఇది సాహిత్యపరమైన లోపమే అయితే ఊరుకోవచ్చు. దాని ఫలితం తోటలో రైతూ, కంటి ఆసుపత్రిలో రోగీ కూడా అనుభవించవలసి వస్తుంది కనుక ఊరుకోలేను.

ముందు ఆ కుటుంబం పరిచయం చేసుకుందాం. రెండే రెక్కలుండి, వెనక జత స్థానంలో గుండుసూది తలల వంటి చిన్న అంగాలు మిగిలిన కీటకాలను డిప్టెరా క్రమంలో చేరుస్తారు. దోమలూ ఇంటి ఈగలూ అందులోవే. ఆ క్రమంలోని అనేక కుటుంబాల్లో డ్రోసోఫిలిడే ఒకటి. దీనికి డ్రోసోఫిలినే, స్టెగానినే అని రెండు ఉపకుటుంబాలు. ఎక్కువ జాతుల శరీరం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు మించదు. ఒంటి రంగు పసుపు నుంచి నలుపు దాకా ఉంటుంది. కళ్ళు సాధారణంగా ఎరుపు.

రంగునూ పరిమాణాన్నీ బట్టి కుటుంబాన్ని నిర్ణయించలేము. నిపుణుడు చూసేవి వేరు. స్పర్శశృంగం మీది శూకం చాలా జాతుల్లో ఈకలా చీలి ఉంటుంది. నుదుటికి ఇరువైపులా, కంటి పక్కన మూడేసి ముళ్ళుంటాయి. వాటిలో ఒకటి ముందుకు వంగితే రెండు వెనక్కి వంగుతాయి. నడినెత్తి వెనక ఉన్న జంట ముళ్ళు ఒకదానివైపు ఒకటి వాలి ఉంటాయి. రెక్క ముందంచు వెంట సాగే ఈనె రెండు చోట్ల తెగినట్టు కనబడుతుంది. వీటిలో ఏ ఒక్క లక్షణమూ చాలదు, అన్నీ కలిసి రావాలి. వైద్యులకు ఇది కొత్త విద్య కాదు. జ్వరం ఒక్కటే చూసి ఏ వ్యాధినీ నిర్ధారించము. లక్షణాల కూటమినే నమ్ముతాము. ఆ కూటమిని ఈగ తల మీద చదివేవాణ్ణి మాత్రం తపాలా బిళ్ళలు పోగుచేసే కాలక్షేపగాడిగా చూడడం ప్రయోగశాలల్లో పాత అలవాటు.

ఆ చిన్నచూపుకు చరిత్రలోనే గట్టి సమాధానం ఉంది. ఒక క్రోమోజోము మీద జన్యువుల వరుసను తొలిసారి పటంగా గీసినవాడు మోర్గన్ శిష్యుడు ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవంట్. ఆ పటం వెలువడినది 1913లో. అదే స్టర్టెవంట్ 1919లో మెలనోగాస్టర్‌ను అచ్చంగా పోలిన ఒక ఈగను వేరుచేసి, డ్రోసోఫిలా సిమ్యులాన్స్ అని కొత్త జాతిగా వర్ణించాడు. రెండు జాతుల ఆడ ఈగలను పక్కపక్కన పెడితే నిపుణులు సైతం తడబడతారు. మగ ఈగల జననాంగంలోని ఒక చిన్న తమ్మె ఆకారంలో మాత్రం తేడా స్పష్టం: మెలనోగాస్టర్‌లో అది సన్నని కొక్కెం, సిమ్యులాన్స్‌లో వెడల్పైన అర్ధచంద్రం. మెలనోగాస్టర్ ఆడదానికీ సిమ్యులాన్స్ మగదానికీ పుట్టే పిల్లలు సాధారణంగా అన్నీ ఆడవే, అవీ గొడ్డువి. ఈ సంగతి తెలియని పరిశోధకుడి సీసాలోకి ఒక సిమ్యులాన్స్ దూరితే అతడి లెక్కలన్నీ తారుమారవుతాయి. ఆ తారుమారును అతడు కొత్త జన్యుసూత్రమని ప్రకటించినా ఆశ్చర్యపడనక్కరలేదు.

స్టర్టెవంట్ అక్కడితో ఆగలేదు. ఉత్తర అమెరికా డ్రోసోఫిలా జాతుల మీద 1921లో ఒక పూర్తి గ్రంథం వెలువరించాడు. 1939లో మెలనోగాస్టర్‌నూ దాని దగ్గరి చుట్టాలనూ కలిపి సోఫోఫోరా అనే ఉపప్రజాతిని స్థాపించాడు. జన్యుపటం గీసిన చేయీ, ఈగ ముళ్ళు లెక్కపెట్టిన చేయీ ఒకటే. జనరంజక పుస్తకాలు ఆ మనిషిని సగానికి కోసి, ఒక సగాన్ని మాత్రమే మనకు చూపిస్తున్నాయి.

ఇక పేరు వివాదానికి వద్దాం. తెలుగువారి పేర్లలోలాగే జీవుల శాస్త్రీయ నామాల్లోనూ ఇంటిపేరు ముందు వస్తుంది. డ్రోసోఫిలా అన్న ఇంటిపేరు పెట్టినవాడు స్వీడన్ దేశపు ఫాలెన్, 1823లో. గ్రీకులో దానికి మంచును ప్రేమించేది అని అర్థం. ఆ ఇంటికి పెద్దగా, అంటే ప్రజాతికి ప్రమాణ జాతిగా స్థిరపడినది మెలనోగాస్టర్ కాదు, ఫ్యూనెబ్రిస్ అనే మరో జాతి. మెలనోగాస్టర్‌ను మైగెన్ వర్ణించినది 1830లో. మోర్గన్ బృందం తొలి వ్యాసాల్లోనైతే ఈ ఈగకు ఆ పేరు కూడా లేదు. డ్రోసోఫిలా ఆంపిలోఫిలా అని రాసేవారు.

ఈ ఇంట్లో చుట్టరికాలు సరిగా లేవని తరువాత తేలింది. జాప్రియోనస్, స్కాప్టోమైజా వంటి వేరే ఇంటిపేర్లున్న ఈగలు ఫ్యూనెబ్రిస్‌కు దగ్గరి చుట్టాలు. అదే ఇంటిపేరు పెట్టుకున్న మెలనోగాస్టరేమో దూరపు చుట్టం. వర్గీకరణ న్యాయం ప్రకారం ఇల్లు పంచుకోవాలి. పంచుకుంటే డ్రోసోఫిలా అన్న పేరు ఫ్యూనెబ్రిస్ వైపు ఉండిపోతుంది, మెలనోగాస్టర్ ఇంటిపేరు సోఫోఫోరా అవుతుంది. ఈ చిక్కు తప్పించడానికి 2007లో కొందరు నిపుణులు, ప్రసిద్ధమైన ఈగ పేరు మారకుండా మెలనోగాస్టర్‌నే ప్రమాణ జాతిగా ప్రకటించమని అంతర్జాతీయ జంతునామకరణ సంఘాన్ని కోరారు. సంఘం 2010లో ఆ అభ్యర్థనను తోసిపుచ్చింది.

ఆ తీర్పు సరైనదని నా అభిప్రాయం. కీర్తిని బట్టి ఇంటిపెద్దను మార్చడం మొదలుపెడితే ఇక నియమమెందుకు? తీర్పు తరువాత జరిగినదే విచారకరం. పేరు మారుతుందన్న భయంతో ఇల్లు పంచే పనినే వాయిదా వేస్తున్నారు. లక్ష వ్యాసాలు ఈ పేరుతో ఉన్నాయి, ఇప్పుడు మారిస్తే గందరగోళమవుతుంది అన్నది వారి వాదం. వైద్యుడిగా దీనికి జవాబివ్వడం నాకు కష్టం కాదు. యాంటీబయాటిక్స్ తరువాత విరేచనాలు కలిగించే క్లాస్ట్రిడియం డిఫిసిలే 2016లో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలే అయింది. నేను పనిచేసే ఇంగ్లండులోని వార్డుల్లో దాని వల్ల ఏ రోగికీ చికిత్స ఆగలేదు. ఎయిడ్స్ రోగుల ఊపిరితిత్తులను పట్టే న్యుమోసిస్టిస్ కారినై, జిరోవెసై అయింది. మందు అదే, మోతాదు అదే. వార్డులో నర్సులు అలవాటు చేసుకున్న మార్పును ప్రయోగశాలలో ఆచార్యులు అలవాటు చేసుకోలేరా?

ఇంతకన్నా పెద్ద గందరగోళం పేరు మార్చకపోవడం వల్ల కాదు, వాడుక పేరు వల్ల వచ్చింది. ఇంగ్లీషువారు మెలనోగాస్టర్‌నూ, టెఫ్రిటిడే అనే వేరొక కుటుంబపు ఈగలనూ ఒకే వాడుక పేరుతో పిలిచారు. మనమూ ఆలోచించకుండా రెండింటినీ పండు ఈగ అనేశాము. మన మామిడి రైతు పండు ఈగ అన్నప్పుడు అతడి మనసులో ఉన్నది బాక్ట్రోసెరా డోర్సాలిస్, టెఫ్రిటిడే కుటుంబానిది. దాని ఆడ ఈగ పండబోయే కాయ తొక్కను గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది; పురుగులు గుజ్జు తింటాయి. మెలనోగాస్టర్ పురుగు బతికేది ముఖ్యంగా పులిసిన పండులోని ఈస్టు మీద. నిక్షేపంగా ఉన్న మామిడికాయను అది ఏమీ చేయలేదు. 2014 మే నుంచి ఐరోపా సంఘం మన మామిడిపండ్లను కొంతకాలం నిషేధించినప్పుడు ఇక్కడి మనవారిలో వినబడిన విసుగు నాకు గుర్తుంది: అరటిపండు మీద వాలే పాటి ఈగకు ఇంత రాద్ధాంతమా అని. రాద్ధాంతం ఆ ఈగ గురించి కాదు. రెండు కుటుంబాలకు ఒకే పేరు పెట్టిన భాషలో ఆ ముక్క చెప్పడమే కష్టమైంది.

అలాగని డ్రోసోఫిలిడే కుటుంబమంతా సాధువులే అనుకుంటే అదీ పొరపాటే. డ్రోసోఫిలా సుజుకీ మగదాని రెక్క మీద నల్లమచ్చ ఉంటుంది. ఆడదానికి రంపపు పళ్ళున్న అండనిక్షేపకం ఉంటుంది. దానితో అది చెట్టు మీద ఉన్న స్ట్రాబెర్రీ, చెర్రీ పండ్లనే కోసి గుడ్లు పెడుతుంది. 2008లో కాలిఫోర్నియాలోనూ ఐరోపాలోనూ కనిపించి, 2012కి ఇంగ్లండు చేరింది. తల మీదా ఉరం మీదా వెండి చారలున్న జాప్రియోనస్ ఇండియానస్‌ను 1970లో మన దేశపు నమూనాల నుంచి వర్ణించారు కనుక దానికి ఇండియా పేరు వచ్చింది. పుట్టిల్లు మాత్రం ఆఫ్రికా. బ్రెజిల్ చేరి అక్కడి అంజూరపు తోటలను పాడుచేసిన ఈగ అదే. సన్నని రంపపు పళ్ళూ, వెండి చారలూ చూడగలిగిన కన్ను లేకపోతే ఈ మూడూ ‘ఏవో చిన్న ఈగలే’.

నా వృత్తికి మరీ దగ్గరైన ఉదాహరణ స్టెగానినే ఉపకుటుంబంలో ఉంది. ఫోర్టికా వేరియగాటా అనే ఈగ మనుషుల, జంతువుల కన్నీళ్ళు తాగుతుంది. దోమల్లో రక్తం తాగేది ఆడది. ఇక్కడ కళ్ళ చుట్టూ మూగేవి దాదాపు అన్నీ మగవే. థెలాజియా కాలిపీడా అనే కంటిపురుగు పిల్లలు కన్నీటితో పాటు దీని కడుపులోకి పోయి, ఎదిగి, మరో కంటిలోకి దిగుతాయి. ఐరోపాలో ముఖ్యంగా కుక్కలకూ నక్కలకూ, అప్పుడప్పుడు మనుషులకూ ఈ వ్యాధి వస్తోంది. మన దేశం నుంచి కూడా మనుషుల కేసులు నమోదయ్యాయి. ఇంగ్లండులో ఆ ఈగ ఉంది. విదేశాల నుంచి వచ్చిన కుక్కల కళ్ళలో ఆ పురుగూ బయటపడింది. ఇక రెండూ కలుసుకోవడమే తరువాయి. ఈ ఈగ గురించి పాత వ్యాసాలు వెతకబోతే మరో చిక్కు: అక్కడ అది ఆమియోటా ప్రజాతి కింద ఉంటుంది. రెండు పేర్లూ ఒకే ఈగవని చెప్పేవాడు వర్గీకరణ నిపుణుడే. డ్రోసోఫిలా పుస్తకాలు మూడూ కంఠస్థం చేసిన వైద్యుడికి కూడా, ఈ కుటుంబంలో ఒక సభ్యుడు రోగాన్ని మోస్తాడన్న ఊహ రాదు.

డీఎన్ఏ చదివే యంత్రాలు వచ్చాక ముళ్ళు లెక్కపెట్టే పని దేనికని అడుగుతారు. యంత్రం అక్షరాలు చదువుతుంది, నిజమే. ఆ అక్షరాల వరుస ఏ ఈగదో చెప్పాలంటే, ఎక్కడో ఒక మ్యూజియంలో సూదికి గుచ్చి, పేరు రాసి, ఎవరో నిర్ధారించిన నమూనా ఉండాలి. ఆ నిర్ధారణ తప్పైతే యంత్రం ఆ తప్పునే వెయ్యిసార్లు నమ్మకంగా చెబుతుంది. నిపుణులు కరువైన కొద్దీ ఆ తప్పును పట్టుకునేవారూ కరువవుతారు. 2007లో పన్నెండు డ్రోసోఫిలా జాతుల జన్యుసంపుటాలను పోల్చి చూసినప్పుడు, ఆ పన్నెండిటినీ వేరువేరు జాతులుగా అంతకుముందే గుర్తించిపెట్టినవారు ఈ పాతకాలపు ముళ్ళ లెక్కగాళ్ళే.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఇకపై ఈగ చరిత్ర రాసేవారు కుటుంబానికి ఒక అధ్యాయమైనా కేటాయించాలి. స్టర్టెవంట్ రెండో సగాన్ని అతడికి తిరిగి ఇవ్వాలి. పరిశోధకులు ఇల్లు పంచుకోవాలి. మెలనోగాస్టర్ సోఫోఫోరా అయినా దాని క్రోమోజోములు నాలుగు జతలే ఉంటాయి, ఐదు కావు. తెలుగులో సైన్సు రాసేవారు పండు ఈగ అన్న పేరును మామిడి రైతుకే విడిచిపెట్టి, ప్రయోగశాల ఈగను దాని శాస్త్రీయ నామంతోనే పిలవాలి. ఆ మూడు పుస్తకాలూ తప్పక చదవండి. చదివాక, వంటింట్లో ముగ్గిన అరటిపండు మీద వాలినదాన్ని భూతద్దంతో ఒకసారి చూడండి. అది మీరు చదివిన ఈగే కావాలని నియమమేమీ లేదు.