పగలు పని, పగలే లా తరగతి: శ్రామికుడు లాయరయ్యేదెట్లా?

జిల్లా కోర్టు గేటు బయట రేకుల షెడ్డులో టైపింగ్ చేసే ఒకన్న నాకు తెలుసు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల కేసుల విచారణ మీద పరిశోధన కోసం ఆ కోర్టుకు తిరుగుతున్నప్పుడు పరిచయమయ్యాడు. నలభై దాటిన మనిషి. మాదిగవాడ నుంచి వచ్చి పదిహేనేళ్లుగా బెయిల్ పిటిషన్లు, వకాలత్‌నామాలు టైపు చేస్తున్నాడు. 2024 జూలై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చినప్పుడు, సీఆర్‌పీసీ 439 కింద వేసే బెయిల్ పిటిషన్‌ను ఇకమీదట బీఎన్‌ఎస్‌ఎస్ 483 కింద వేయాలని జూనియర్ లాయర్లకు గుర్తు చేసింది ఆయనే.

ఆ అన్న లాసెట్ రాసి సీటు తెచ్చుకున్నాడు. చేరడానికి ఒక ప్రైవేటు లా కాలేజీకి వెళ్తే ఆఫీసులో ఒక మొత్తం చెప్పి, "ఇది కట్టండి, పరీక్షలకు వస్తే చాలు, హాజరు సంగతి మేం చూసుకుంటాం" అన్నారట. ఆయన తిరిగి వచ్చేశాడు. "లా చదవడానికే దొంగ సంతకం పెడితే రేపు కోర్టులో ఏ మొహంతో నిలబడాలి తమ్మీ" అన్నాడు నాతో.

ఆ కాలేజీని తిట్టి ఊరుకోవచ్చు. కానీ పనిచేసి బతికే మనిషి నిజాయితీగా న్యాయశాస్త్రం చదవడానికి మన నిబంధనల్లో దారి ఎక్కడుంది? అది లేకుండా చేసి, దొంగ హాజరు గురించి మాత్రమే మాట్లాడటం అన్యాయం.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్య నియమాలు చూడండి. లా తరగతులు ఉదయం 8 నుంచి రాత్రి 7 గంటల మధ్యే జరగాలి. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి వారానికి కనీసం 30 గంటల బోధన ఉండాలి. పరీక్ష రాయాలంటే 70 శాతం హాజరు కావాలి. వారానికి ఆరు రోజుల లెక్కన రోజుకు ఐదు గంటలు. ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా పనిచేసే గుమాస్తాకు ఆ పొద్దులో మిగిలేవి ఉదయం రెండు, సాయంత్రం రెండు, మొత్తం నాలుగు గంటలు. ప్రయాణం లేదనుకున్నా, కాలేజీ ఆయన కోసమే టైంటేబుల్ వేసిందనుకున్నా వారానికి 24 గంటలే. అంటే ఆయన ఎంత కష్టపడ్డా 30 గంటల తరగతులకూ పూర్తిగా హాజరు కాలేడు. ఈ నియమాల ఊహలో ఉన్న విద్యార్థికి సంపాదించాల్సిన అవసరం లేదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, ముసలి తల్లిదండ్రులు ఇంకెవరి బాధ్యతో.

లా డిగ్రీ దూరవిద్యలో చదివితే న్యాయవాదిగా నమోదు చేయరు. ఇగ్నోలో క్రిమినల్ జస్టిస్‌లో పీజీ డిప్లొమా దూరవిద్యలో ఉంది. జ్ఞానం కోసం చదువుకోవచ్చు. అది చదివినా కోర్టులో మన మనిషి తరఫున లేచి నిలబడి మాట్లాడే హక్కు రాదు.

2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ మరో సర్క్యులర్ ఇచ్చింది. లా విద్యార్థి ఉద్యోగం చేస్తుంటే ఆ సంగతి ప్రకటించి, యజమాని నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. కాలేజీల్లో బయోమెట్రిక్ హాజరు, సీసీ కెమెరాలు పెట్టాలి. విద్యార్థి తన మీద ఉన్న ఎఫ్‌ఐఆర్‌లు, క్రిమినల్ కేసుల వివరాలు కూడా తెలపాలి. ఇందులో ఎవరు చిక్కుకుంటారో మనకు తెలుసు. సెక్యూరిటీ గార్డుకో, పెట్రోలు బంకు కుర్రాడికో, అడ్డా మీద కూలికో నిరభ్యంతర పత్రం రాసిచ్చే యజమాని ఎవరు? అత్యాచారం మీద ఫిర్యాదు చేసినందుకు ఎదురు కేసు పెట్టించుకున్న దళిత యువకుడు, విగ్రహం కోసమో భూమి కోసమో ధర్నాలో కూర్చుని కేసైన విద్యార్థి ఆ కాగితం నింపేటప్పుడు చెయ్యి వణకదా?

క్రిమినల్ లా మిగతా చదువుల్లాంటిది కాదు. దేశంలోని ఖైదీల్లో దాదాపు మూడొంతుల మంది విచారణ పూర్తికానివాళ్లేనని జాతీయ నేర గణాంక సంస్థ 2022 జైలు నివేదిక చెబుతోంది. జైళ్లలో కులాన్ని బట్టి పని పంచే నియమాలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2024 అక్టోబరు వచ్చింది. చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులను ఊచకోత కోస్తే ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. ఆ ఇరవై మూడేళ్లూ బాధితులు కోర్టు భాష తెలిసిన మనుషుల కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. అత్యాచారాల నిరోధక చట్టంలోని 15ఎ సెక్షన్ బాధితులకు, వాళ్ల మీద ఆధారపడినవాళ్లకు విచారణలో మాట వినిపించే హక్కు ఇచ్చింది. ఆ హక్కు ఉందని వాడలో చెప్పే మనిషి లేకపోతే అది పుస్తకంలోనే ఉంటుంది. కోర్టు అటెండరు, టైపిస్టు, హోంగార్డు, అంగన్‌వాడీ టీచరు లా చదివితే ఆ మాట వాడకు చేరుతుంది. వాళ్లెవరూ పగలు ఖాళీగా ఉండరు.

సాయంత్రం తరగతులతో ప్రమాణాలు పడిపోతాయని ఒక వాదన ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోను. సరిగా చదవని లాయరు చేతిలో ముందుగా నష్టపోయేది పేద ముద్దాయే, పేద బాధితురాలే. కానీ ప్రమాణం గడియారంలో ఉండదు. అధ్యాపకులు, గ్రంథాలయం, పరీక్ష గట్టిగా ఉంటే ప్రమాణం ఉంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం లా సెంటర్లలో సాయంత్రం తరగతులు జరిగేవి. అక్కడ చదివినవాళ్లు తక్కువ లాయర్లని ఎవరూ అనరు. ఇప్పుడున్న పద్ధతిలో పగటి కాలేజీ పేరుతో అసలు తరగతే లేని చదువు అమ్ముడవుతోంది. డబ్బున్నవాడు హాజరు కొనుక్కుంటాడు. లేనివాడు మానుకుంటాడు. ఇది ఏ ప్రమాణం?

హాజరు తక్కువైందన్న కారణంతో లా విద్యార్థిని పరీక్ష రాయకుండా ఆపకూడదని 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అది ఊరటే. అయినా పరీక్ష రాయనివ్వడం ఒకటి, చదువు చెప్పడం మరొకటి. శ్రామిక విద్యార్థికి హాజరు మినహాయింపు ఒక్కటే ఇస్తే తరగతి లేని డిగ్రీయే మిగులుతుంది. ఆయనకు కావలసింది తను రాగలిగే వేళ జరిగే తరగతి.

ఇది కొత్త కోరిక కాదు. జోతీరావు, సావిత్రీబాయి ఫూలే 1855లోనే పూణేలో కూలీలకు, రైతులకు రాత్రి బడి పెట్టారు. బాబాసాహెబ్ తన చదువు మధ్యలో స్కాలర్‌షిప్ ఆగి ఇండియాకు తిరిగొచ్చి, సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బుతో, సాహూ మహారాజు, స్నేహితుల సాయంతో 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. ఆ తర్వాతే బారిస్టరయ్యారు. 1935లో బొంబాయి ప్రభుత్వ లా కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. 1946లో సిద్ధార్థ కాలేజీ తెరిచినప్పుడు, ఉద్యోగం చేసుకునే పేద విద్యార్థులు చదువుకోగలిగేలా ఉదయం పూట తరగతులు పెట్టించారు. విద్యార్థి బతుకును బట్టి కాలేజీ వేళలు మారాలన్నది ఆయన ఆచరించి చూపిన పద్ధతి.

డిగ్రీ చేతికొచ్చాకా కష్టం తీరదు. పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి ప్రాక్టీసు చేయకూడదు. సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంటే ఉన్న ఉద్యోగం వదిలి, మూడేళ్లు సీనియర్ ఇచ్చే చిల్లరతో బతకాలి. నమోదు ఫీజు విషయంలో మాత్రం 2024 జూలైలో సుప్రీంకోర్టు ఒక మంచి పని చేసింది. చట్టంలో ఉన్న 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించి బార్ కౌన్సిళ్లు వసూలు చేయకూడదని చెప్పింది. ఫీజు పేరుతో అణగారిన వర్గాలను వృత్తికి దూరం చేయడం సమానత్వానికి విరుద్ధమన్నదే అక్కడి తర్కం. ఆ తర్కం తరగతి వేళలకు ఎందుకు వర్తించదు?

మనం అడగవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. ప్రభుత్వ, విశ్వవిద్యాలయ లా కాలేజీల్లో సాయంత్రం, సెలవు రోజుల బ్యాచ్ పెట్టాలి. అవసరమైతే మూడేళ్ల కోర్సును నాలుగేళ్లకు పెంచండి, బోధన గంటలు తగ్గించకండి. కోర్టు, పోలీసు స్టేషన్, లీగల్ ఎయిడ్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల అనుభవాన్ని ప్రాక్టికల్ శిక్షణలో భాగంగా లెక్కించండి. యజమాని పత్రం అడగడం మానండి. మొదటి మూడేళ్లు ప్రాక్టీసు చేసే ఎస్సీ, ఎస్టీ లాయర్లకు బతకడానికి సరిపడా స్టైపెండ్ ప్రతి నెలా ఇవ్వండి. విశ్వవిద్యాలయాల్లోని విద్యార్థి సంఘాలు ఫెలోషిప్‌ల కోసం కొట్లాడినంత గట్టిగా దీనికోసమూ కొట్లాడాలి. క్యాంపస్ దాకా రాలేకపోయిన మన అన్నలు, అక్కల తరఫున మాట్లాడేది మనమే.

పోయిన నెల మళ్లీ ఆ కోర్టుకు వెళ్లాను. షెడ్డులో టైపిస్టన్న ఒక తల్లికి పిటిషన్ చదివి వినిపిస్తున్నాడు, ఏ వాక్యం ఎందుకు రాశాడో చెబుతూ. లోపల కేసు పిలిచారు. పిటిషన్ ఆమె చేతికిచ్చి, ఆయన గేటు బయటే ఉండిపోయాడు.