వేరు తవ్వేది మనం, పేరు ఎవరిది?



మొన్న ప్రాక్టికల్స్‌లో మాకు ఒక వేరు పొడి ఇచ్చి ఆల్కలాయిడ్లు ఉన్నాయో లేదో చూడమన్నారు. పలచని యాసిడ్‌లో కాచి, వడగట్టి, డ్రాజెన్‌డార్ఫ్ రీజెంట్ రెండు చుక్కలు వేశాం. ఎర్ర నారింజ రంగులో మడ్డి దిగింది. సీసా మీద చూస్తే సర్పగంధ. అదే, మన పాతాళగంధి! మా తాత చిటికెడు నూరి ఇచ్చే వేరు.

ఆ రాత్రి హాస్టల్లో ఇదే ముచ్చట. ఈ వేరులోంచే 1931లో సలీముజ్జమాన్ సిద్దిఖీ అజ్మలీన్ తీశారు, హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద. 1952లో స్విట్జర్లాండ్ సీబా కంపెనీ వాళ్లు రిసర్పిన్ తీశారు, అది బీపీ మాత్ర అయింది. పుస్తకంలో వీళ్లందరి పేర్లూ ఉన్నాయి. అడవిలో వేరు తవ్వినోళ్ల పేరు ఒక్కటీ లేదు.

అలాగని ల్యాబ్ మనకి శత్రువు అని మేం అనం. మొక్క వయసు, కోసిన కాలం, నేల మారితే వేరులో మందు శాతం మారిపోతుంది. తాత చిటికెడు ఒకరికి తగ్గించింది, ఇంకొకరిని పడుకోబెట్టింది. రిసర్పిన్ మాత్రలో ఉండేది మిల్లీగ్రాములో నాలుగో వంతు, అంతకన్నా తక్కువ కూడా. ఎక్కువైతే బీపీ బాగా పడిపోతుంది, మనసు కుంగిపోతుంది. ఆ కొలత మన పిల్లలకి రావాలి.

ఇక అసలు బాధ. పోయిన వేసవిలో ప్రాజెక్టు అంటూ కొందరు మా ఊరొచ్చారు. తాతని కూర్చోబెట్టి వేర్ల పేర్లన్నీ అడిగారు, ఫొటోలు తీశారు, ఒక సంచి నింపుకున్నారు. టీకి డబ్బులిచ్చారు. కాగితం ఏదీ లేదు. మధ్యలో మాట మార్చి చెప్పింది ఎవరనుకున్నారు? మేమే. సర్టిఫికెట్ ఇస్తామంటే సంబరపడ్డాం కూడా. అదీ రాలేదనుకోండి.

కేరళలో కాణి వాళ్లు చూపించిన ఆరోగ్యపచ్చతో మందు చేసినప్పుడు లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం వాళ్లకని ఒప్పందం రాసుకున్నారు. అంటే ఇది జరగని పని కాదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీకి ఒక కమిటీ, మన మొక్కలూ మన తెలివీ రాసుకునే ఒక రిజిస్టరూ ఉండాలి.

ఇంకోటి. ఆకు కోస్తే చిగురిస్తుంది, వేరు పీకితే మొక్కే పోతుంది. సంతలో కిలోల లెక్కన అమ్ముకుంటున్నది మనవాళ్లే. తాత ఇప్పుడు పాతాళగంధి కోసం రెండు కొండలు దాటుతున్నాడు. ఈ సెలవుల్లో విత్తనం తెచ్చి పెరట్లో వేద్దామనుకుంటున్నాం.

మీ పంచాయతీలో ఆ రిజిస్టర్ ఉందా, అందులో ఏం రాశారు, కనుక్కుని చెప్పండి. మా దగ్గర ఉందంటున్నారు గానీ, బీరువా తాళం ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పడం లేదు.