లెక్కలు వదలమన్నదెవరు?

మొన్న మా ఊరు తరిగొప్పుల వెళితే, మా వాడ అమ్మాయి ఒకతె, ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ, 'కాకా, సీఈసీకి మారనా?' అని అడిగింది. త్రికోణమితి అర్థం కావడం లేదట. ఇంట్లో చెప్పేవారు లేరు. అధ్యాపకుడు 'మీకెందుకమ్మా ఈ కష్టం' అన్నాడట. ఆ బహువచనం గౌరవార్థకం కాదు. దాని అర్థం మాదిగవాడలో పుట్టిన వారందరికీ తెలుసు.

ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో అంబేడ్కర్ సంస్కృతం చదువుతానంటే, అంటరానివాడని నిరాకరించారు. పర్షియన్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇవాళ నిరాకరణ లేదు, సలహా ఉంది.

సీఈసీ తక్కువ చదువని నేననను. నేను చదివిందీ అదే. కానీ అది నా ఎంపిక కాదు. ఇటువంటి సలహా ఫలితమే. సడలించిన కటాఫ్ కూడా అందని కొందరు ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఐఐటీలు ఏడాదిపాటు ప్రిపరేటరీ కోర్సు నడుపుతాయి. లోపించింది తెలివి కాదు, తగిన బోధనా వ్యవధి అని ఆ సంస్థలే అంగీకరించినట్లు కదా! ఇంటర్ కళాశాలలో పదహారేళ్ల పిల్లకు మూడు నెలల ఓపిక కూడా దక్కదా?

అర్ధవార్షిక పరీక్షల దాకా ఆగమన్నాను. అప్పటికీ మనసు లేకపోతే నిస్సంకోచంగా మారమన్నాను. గణితంలో పరిశోధన చేస్తున్న మా విద్యార్థిని ఒకరు వారానికి రెండు సాయంత్రాలు ఫోన్‌లో పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు. త్రికోణమితితోనే మొదలుపెడతారట.