ఉక్కు కథ జపాన్‌కు ప్రైమ్ టైమ్, భిలాయ్‌కు మౌనం

బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప రాయి 1968 నుంచి కిరండూల్-కొత్తవలస రైలు మార్గంలో విశాఖ రేవుకు దిగి, అక్కడి నుంచి ఓడల్లో జపాన్ ఉక్కు కర్మాగారాలకు చేరింది. ఆ రైలు మార్గం పుట్టిందే జపాన్‌తో కుదిరిన ఒప్పందం కోసం. మనుషులు మాత్రం అంతకు పదేళ్ల ముందే ఎదురు దిక్కున బయలుదేరారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ దాటి రాయపూర్ వెళ్లే రైలెక్కి భిలాయ్‌లో దిగారు. వారిలో చాలామంది కుటుంబాలు ఖుర్సీపార్‌లో స్థిరపడ్డాయి. పవర్‌హౌస్ స్టేషన్‌కు దగ్గర్లోని ఆ పేటలో ఇప్పటికీ ఉత్తరాంధ్ర యాస వినబడుతుంది.

రాయి చేరిన దేశం ఉక్కు చుట్టూ టీవీ నాటకాలు తీసింది. మనుషులు చేరిన ఊరి గురించి తెలుగు టీవీలో గానీ, హిందీ టీవీలో గానీ చెప్పుకోదగ్గ ధారావాహిక ఒక్కటీ రాలేదు.

జపాన్ ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 1995లో ‘దాయిచి నో కో’ అనే నాటకం ప్రసారం చేసింది. ‘నేల బిడ్డ’ అని దాని అర్థం. యమసాకి తోయోకో నవల దానికి ఆధారం. రెండో ప్రపంచ యుద్ధం చివర మంచూరియాలో తప్పిపోయిన ఒక జపాన్ పిల్లవాణ్ణి చైనా ఉపాధ్యాయుడొకరు పెంచుతాడు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో జపాన్ రక్తమన్న అనుమానంతో అతణ్ణి కార్మిక శిబిరానికి పంపుతారు. బయటపడ్డాక షాంఘై దగ్గర జపాన్ సాయంతో కడుతున్న ఉక్కు కర్మాగారంలో పనిచేస్తాడు. జపాన్ కంపెనీ తరఫున అక్కడికి వచ్చిన అధికారే తన కన్నతండ్రి అని తర్వాత తెలుస్తుంది. ఆ కర్మాగారానికి మూలం బావోషాన్. 1978 డిసెంబరులో పునాది పడి, 1985 సెప్టెంబరులో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది.

ఈ నాటకంలో ఎవరికీ పూర్తి గౌరవం దక్కదు. సొంత పౌరులను మంచూరియాలో వదిలేసి పారిపోయిన జపాన్ సైన్యానికీ దక్కదు, అమాయకుణ్ణి శిక్షించిన చైనా పార్టీ యంత్రాంగానికీ దక్కదు. అయినా చైనా ప్రభుత్వ టీవీ చేయి కలిపింది, చైనా నేల మీదే షూటింగ్ జరిగింది. ఉక్కు కర్మాగారం ఇందులో వెనక వేలాడే తెర కాదు. రెండు దేశాల అప్పులూ పాపాలూ తేలేది అక్కడే.

భిలాయ్‌లో ఇలాంటి కథకు సరుకు తక్కువా? 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం. రష్యన్ ఇంజినీర్లు, మలయాళీ క్లర్కులు, పంజాబీ డ్రైవర్లు, భూమి పోగొట్టుకున్న ఛత్తీస్‌గఢీ రైతులు, మట్టి మోసిన తెలుగు కూలీలు. ఒక్క కాలనీలో ఇన్ని భాషలు ఉన్నచోట సీరియల్ రచయిత కల్పించాల్సింది ఏముంటుంది? అత్తాకోడళ్ల కథకు హైదరాబాద్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటే వెయ్యి ఎపిసోడ్లు నడిచిపోతాయి కాబట్టి, కర్మాగారం గేటు దాకా ఎవరూ వెళ్లలేదు.

తేడా డబ్బుదే అనుకోవడం సగం నిజం. ఎన్‌హెచ్‌కేకు వాణిజ్య ప్రకటనలు ఉండవు, ప్రేక్షకులు కట్టే రుసుమే ఆదాయం. ఆ రుసుముతోనే 1983 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు ‘ఓషిన్’ నడిచింది. పేద కౌలురైతు ఇంట పుట్టి, బియ్యం బస్తా కోసం ఏడేళ్ల వయసులో పనికి కుదిరిన పిల్ల కథ అది. ఉత్తరాంధ్రలో కంబారి అన్న మాట తెలిసిన ఏ ఇంటికీ ఆ కథను విప్పి చెప్పనక్కర్లేదు. సగటున 52.6 శాతం రేటింగ్ వచ్చింది, తర్వాత అరవైకి పైగా దేశాలు చూశాయి. పేదరికాన్ని చూపిస్తే జనం చానల్ మార్చేస్తారని మన నిర్మాతలు చెప్పే మాట ఆ అంకె ముందు నిలవదు. ‘ఓషిన్’ ముగిసిన కొద్ది నెలలకే, 1984 జులైలో దూరదర్శన్ ‘హమ్ లోగ్’ మొదలుపెట్టి, మధ్యతరగతి ఇంటి కష్టాలను దేశమంతా కూర్చుని చూసేలా చేసింది. దారి మనకూ తెలుసు. నడవడం మానేశాం.

అయితే జపాన్‌దంతా ఆదర్శమే అనుకుంటే పొరపాటు. 2000 నుంచి 2005 వరకు ఎన్‌హెచ్‌కే నడిపిన ‘ప్రాజెక్ట్ ఎక్స్’ డాక్యుమెంటరీలు కురోబే డ్యామ్, సైకాన్ సొరంగం వంటి నిర్మాణాల వెనుక పేరు లేని ఇంజినీర్లను వీరులుగా నిలబెట్టాయి. చూస్తే కళ్లు చెమరుస్తాయి, అందులో అబద్ధం లేదు. కానీ అదనపు గంటలూ, ప్రాణత్యాగమూ అక్కడ ధర్మమైపోతాయి, యూనియన్ మాట వినబడదు. 2005లో ఒసాకాలోని ఒక సాంకేతిక పాఠశాల మీద తీసిన ఎపిసోడ్‌లో వాస్తవాలు వక్రీకరించారని ఆ పాఠశాలే అభ్యంతరం చెప్పింది, ఎన్‌హెచ్‌కే క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. కంపెనీ చెప్పిన కథను కన్నీళ్లతో తడిపితే చరిత్ర అయిపోదు.

భిలాయ్‌కు ఈ హెచ్చరిక మరీ అవసరం. రేపు ఎవరైనా కెమెరా పట్టుకొస్తే స్టీల్ ప్లాంట్ వారు చూపించేది రైలు పట్టాలు తయారయ్యే మిల్లు, ఉద్యానవనాలు, ఐఐటీ ర్యాంకులు. ఖుర్సీపార్ కథ అందులో ఇమడదు. 1980ల చివర్లో అరవై వేలు దాటిన పర్మినెంట్ ఉద్యోగులు ఇప్పుడు అందులో మూడో వంతు కూడా లేరు. తండ్రి ప్లాంట్‌లో పర్మినెంట్, కొడుకు అదే ప్లాంట్‌లో ఠేకేదారు కింద కూలీ. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ మానవశాస్త్రజ్ఞుడు జొనాథన్ ప్యారీ దశాబ్దాల తరబడి భిలాయ్‌కు వచ్చి, 2020లో ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ అనే లావుపాటి పుస్తకం రాసింది సరిగ్గా ఈ చీలిక గురించే. ఒకే గోడ లోపల రెండు వర్గాల కార్మికులు ఎలా తయారయ్యారో తెలుసుకోవడానికి లండన్ నుంచి మనిషి రావాల్సి వచ్చింది.

1991 సెప్టెంబరు 28న కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగిని నిద్రలో కాల్చి చంపారు. మరుసటి ఏడాది జులై 1న పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేను మందికి పైగా చనిపోయారు. 2014 జూన్‌లో ప్లాంట్ లోపల విషవాయువు లీకై ఆరుగురు, 2018 అక్టోబరులో గ్యాస్ పైప్‌లైన్ పేలి పదిమందికి పైగా పోయారు. ప్రతిసారీ వార్తా చానళ్లు రెండు రోజులు నిలబడి వెళ్లాయి.

స్థానికంగా ప్రయత్నం లేదని కాదు. భిలాయ్‌లోనే ఉంటూ డాక్యుమెంటరీలు తీసిన అజయ్ టి.జి.ని 2008 మేలో ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక ప్రజాభద్రతా చట్టం కింద అరెస్టు చేశారు. గడువులోగా చార్జిషీటు దాఖలు కాకపోవడంతో ఆగస్టులో బెయిల్ వచ్చింది. జైలు భయమున్న చోట చిన్న కెమెరాలు ఎన్ని లేస్తాయి? అందుకే ఇది ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ పని. ప్లాంటూ ప్రభుత్వ రంగమే, దూరదర్శనూ ప్రభుత్వ రంగమే. రాయపూర్ కేంద్రం, సప్తగిరి, యాదగిరి చానళ్లు కలిస్తే హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు మూడూ దొరుకుతాయి. మొదట నాటకం అక్కర్లేదు, వృద్ధుల మాటలు రికార్డు చేస్తే చాలు. 1957లో ఇరవై ఏళ్ల వయసులో రైలు దిగిన కూలీకి ఇప్పుడు తొంభై దగ్గర పడింది. పునాది గుంతలో ఏ యంత్రం ఎప్పుడు దిగింది, రోజు కూలీ ఎంత, రష్యన్ ఫోర్‌మన్‌తో ఏ భాషలో మాట్లాడారు, ఇంటికి డబ్బు ఎవరి చేత పంపారు అన్న ప్రశ్నలకు సమాధానం ఇంకా కొందరి దగ్గరే ఉంది.